సున్నా చదరపు మీటర్ల నేరం

వేలిమర్రు పురపాలక సంఘం మొత్తానికి ప్లాను ప్రకారం కట్టిన వ్యాపార భవనం ఒకే ఒక్కటుంది. ఇరవై ఏళ్ళపాటు ఆ సంగతి ఎవరి కంటా పడలేదు, ఎవరికీ అడ్డం రాలేదు. ప్రభుత్వం వారికి జనం మీద దయ పుట్టింది చూడండి, ఆ రోజుతో దానికి చెడ్డకాలం దాపురించింది.

ఆ దయ ఎలాంటిదంటే, అనుమతి లేకుండా కట్టినవీ, అనుమతి ఒకదానికి తీసుకుని మరొకటి కట్టినవీ, దుకాణాలైతేనేం లాడ్జీలైతేనేం, కట్టేసిన తరవాత తీరిగ్గా అనుమతి తెచ్చుకోవచ్చు. పిల్లలు బడికెళ్ళే వయసొచ్చాక పెళ్ళిచూపులకి కూర్చున్నట్టన్నమాట. దాని పేరు ‘వాణిజ్య కట్టడముల అతిక్రమణల పశ్చాత్ క్రమబద్ధీకరణ పథకము’. అతిక్రమణ ఒప్పుకుని దరఖాస్తు పెట్టినవాళ్ళకి ఆకుపచ్చ రేకు మీద తెల్లక్షరాలతో ‘క్రమబద్ధీకరింపబడిన కట్టడము’ అని ఒక పలక ఇస్తారు. ఆ పలక నంబరు వేస్తేనే వ్యాపార లైసెన్సు కొత్త ఏడాదికి వస్తుంది. లైసెన్సు లేని దుకాణానికి జూన్ ఒకటో తారీకున సీలు పడుతుంది.

ఊరు ఊరంతా పండగ చేసుకుంది. ఒకటో నంబరు పలక తాతాజీ లాడ్జికి దక్కింది. తాతాజీ రెండంతస్తులకి అనుమతి తీసుకుని ఐదు లేపినవాడు. బళ్ళు పెట్టాల్సిన సెల్లారులో వంటశాల పెట్టాడు. మూడో అంతస్తు బాల్కనీ రోడ్డు మీదికి ఎంతలా వచ్చిందంటే, నిమజ్జనం రోజున ఆ మలుపులో వినాయకుణ్ణి ఒక పక్కకి వంచి దాటించాలి. అలాంటి మహానుభావుడికి బ్యాండు మేళంతో పలక కట్టారు. పైగా ఎంత అతిక్రమణో అంత పలక అని నిబంధన కాబట్టి అతనిది తలుపు రెక్కంత ఉంది. మందుల షాపాయన పాపం అర మీటరు మెట్లు మాత్రమే ముందుకు జరిపినవాడు, పుస్తకమంత పలక వచ్చిందని వారం రోజులు తలెత్తుకోలేకపోయాడు.

ఇక ఆ ఒకే ఒక్క భవనం సంగతి. అది తాతాజీ లాడ్జికి ఆనుకునే ఉంది. ఆనుకుని ఉన్నది లాడ్జి తప్ప ఇది కాదు, దీని వైపు మూడు మీటర్లు ఖాళీ వదిలే ఉంది. యజమాని రాపర్తి సోమలింగం టైలరు. కింద ఎనిమిది మిషన్లతో కుట్టు దుకాణం, పైన అద్దెకి పళ్ళ డాక్టరు. అరవై దాటిన మనిషి, మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. కొలత ఇచ్చాక అది కొలతే, దాన్ని అటూ ఇటూ చేసే హక్కు మనకెక్కడిదని ఆయన వాదం. అందుకే ప్లానులో మూడు మీటర్లు ఖాళీ వదలమంటే వదిలాడు. అప్పట్లో మేస్త్రీ కూడా ఇదేం చాదస్తమని నవ్వాడు.

ఆయనకి ఊళ్ళో ఉన్న ఆస్తి ఆ భవనం కాదు, ఒక పేరు. బట్ట మిగిలితే జేబు రుమాలంత ముక్క కూడా చుట్టచుట్టి వెనక్కిస్తాడని పేరు. ఆ పేరు మీదే బాలికల హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్ సుగుణావతి గారు పదిహేనేళ్ళుగా ప్రతి మేనెలలోనూ యూనిఫారం తానులు దింపించి, లెక్క అడక్కుండా వెళ్ళిపోతారు. ఎనిమిది మిషన్ల మీద ఎనిమిది కుటుంబాలు బతుకుతున్నాయి. వాళ్ళ నోట్లోకి ఏడాదిలో ఐదు నెలలు ఐదు వేళ్ళూ వెళ్ళేది ఆ యూనిఫారాల వల్లే. జూన్‌లో దుకాణానికి సీలు పడితే వాళ్ళందరి పొయ్యిలోనూ పిల్లి లేవదు.

సోమలింగం తన పాత ప్లాను కాగితం గొట్టంలా చుట్టుకుని ధీమాగా పురపాలక కార్యాలయానికి వెళ్ళాడు. తప్పు చేసినవాళ్ళకే పలక ఇస్తుంటే తనకి ఇవ్వరా అని ఆ పిచ్చి మారాజు నమ్మకం.

కంప్యూటరు ముందున్న అమ్మాయి అతిక్రమణ ఎంతండీ అని అడిగింది. లేదమ్మా అన్నాడు. ఆయన సిగ్గుపడుతున్నాడనుకుంది ఆ పిల్ల. “పర్లేదు చెప్పండి బాబాయ్ గారూ, ఇక్కడికొచ్చి అందరూ చెప్పుకునేదేగా,” అంది. ఆయన మళ్ళీ లేదన్నాడు. సరేనని సున్నా కొట్టింది. తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి: ‘అతిక్రమణ విస్తీర్ణము సున్నా కన్న ఎక్కువ ఉండవలెను.’ ఇంకోసారి కొట్టినా అదే మాట. ఆ పిల్ల ఆయన్ని లోపలి గదిలోకి పంపించింది.

లోపల పట్టణ ప్రణాళికాధికారి పరాంకుశం గారు ఉన్నారు. ఆయన ఇంట్లో మంచినీళ్ళు అడిగినా అర్జీ భాషలోనే అడుగుతాడని ప్రతీతి. సోమలింగం చెప్పిందంతా విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“సదరు పథకము అతిక్రమించినవారి సౌకర్యార్థము రూపొందించబడినది. అతిక్రమించనివారి విషయమై ఎట్టి మార్గదర్శకములునూ అందలేదు. అనగా అట్టివారు లేరని ప్రభుత్వము భావించుచున్నది. ప్రభుత్వము లేరని భావించిన తరువాత మీరు ఉండుట ఎట్లు?”

సోమలింగం తన ప్లాను కాగితం మళ్ళీ గొట్టంలా చుట్టుకున్నాడు. తాను ఉన్నట్టు ఇప్పుడు ఏ కాగితం చూపించాలో తెలియక, వచ్చి చూసుకోండి బాబూ అని దణ్ణం పెట్టి వచ్చేశాడు.

వాళ్ళు నిజంగానే వచ్చారు. మర్నాడు పదింటికి ముగ్గురు మనుషులు టేపులతో దిగారు, వెనక జీపులో పరాంకుశం. గోడలు కొలిచారు, మెట్లు కొలిచారు, కిటికీ మీది సన్‌షేడ్లు నిచ్చెనేసుకుని కొలిచారు. సోమలింగం భార్య కనకరత్నం వాళ్ళకి రెండుసార్లు మజ్జిగ ఇచ్చింది. ప్లానులో ఎంత ఉందో నేల మీదా అంతే ఉంది. తూర్పు వైపు ఖాళీ మూడు మీటర్లు ఉండాలంటే మూడే వచ్చింది. ఇంకో టేపుతో కొలిచినా మూడే వచ్చింది. ఆఖరికి పరాంకుశం సోమలింగం మెడలోని టేపు లాక్కుని తనే వంగి కొలుచుకున్నాడు. అప్పటికి ఆయన మొహం కందగడ్డలా అయింది.

ఈ స్థలము ఖాళీగా ఎందుకు వదిలితిరని నిలదీశాడు. మీరే వదలమన్నారు కదండీ, ప్లానులో రాసుంది అన్నాడు సోమలింగం. “వదలమని వ్రాయుట మా విధి,” అన్నాడు పరాంకుశం. “దానిని చదివి వదిలినవారు ఈ పట్టణమున మరొకరున్నచో చూపించుడు.”

నాలుగు రోజుల్లో నోటీసు వచ్చింది. ‘తమ కట్టడమునందు అతిక్రమణను కనుగొనుటకు సిబ్బంది చేసిన ప్రయత్నములకు తమరు ఏ విధముగానూ సహకరించలేదు. అతిక్రమణను ఎచ్చట దాచితిరో ఏడు దినములలోగా తెలియజేయనిచో తగు చర్య గైకొనబడును.’ సోమలింగం దాన్ని రెండుసార్లు చదివి, మిషన్ల వాళ్ళకి కనపడకుండా గల్లాపెట్టెలో పెట్టేశాడు. కానీ వాళ్ళు అప్పటికే చూశారు.

సాయంత్రానికి వర్తక సంఘం పెద్దలు దిగారు. ముందు తాతాజీ, వెనక మందుల షాపాయన. వాళ్ళ బాధ వాళ్ళది. ఇన్నాళ్ళూ ప్లాను ప్రకారం కడితే వ్యాపారం సాగదని అందరూ ఒక మాట మీద ఉన్నారు. ఇప్పుడు ఆ ముగ్గురి టేపుల పుణ్యమా అని ఊళ్ళో జనం సోమలింగం ఖాళీ స్థలం చూడ్డానికి వస్తున్నారు. చూసి ఊరుకుంటున్నారా, ఆ తరవాత తలెత్తి లాడ్జి వైపు చూస్తున్నారు. “మీరొక్కరు పత్తిత్తులా కూర్చుంటే మేవంతా ఏవైపోవాలండీ?” అన్నాడు తాతాజీ. ఏదో ఒక చిన్న ముక్క కట్టి పారేయమనీ, ఇటుకలు తనే పంపిస్తాననీ చెప్పి వెళ్ళాడు.

కనకరత్నం కూడా అదే అంది. పోనీ ముందు వైపు అరుగొకటి వేయించండి, నలుగురూ కూర్చోడానికైనా పనికొస్తుందంది. సోమలింగం రెండు రాత్రులు కంటి మీద కునుకు లేకుండా గడిపి, మూడో రోజు మేస్త్రీని పిలిచాడు. నాలుగడుగుల వెడల్పు, పదడుగుల పొడవు. ఆ తప్పుడు పని కూడా తాడు పట్టి, మట్టం పెట్టి, అంగుళం తేడా లేకుండా చేయించాడా ప్రాణి. మూడున్నర చదరపు మీటర్ల పైచిలుకు అతిక్రమణతో దరఖాస్తు పెట్టి, ఇక తనూ అందరిలాంటివాణ్ణయ్యానని ఇంటికొచ్చి కడుపునిండా భోంచేశాడు.

పరాంకుశం వచ్చి అరుగు మీద బొటనవేలు నొక్కి చూశాడు. సిమెంటు ఇంకా పచ్చిగా ఉంది. “ఇది తాజా అతిక్రమణ,” అన్నాడు. “పథకము పాత అతిక్రమణలకే వర్తించును. పాతది పౌరుని హక్కు. క్రొత్తది నేరము.”

మర్నాడు పదకొండింటికి జేసీబీ వచ్చింది. ఆ పథకం నడిచినన్నాళ్ళూ వేలిమర్రులో కూల్చిన కట్టడం ఆ అరుగొక్కటే. ఉన్నమాట చెప్పుకోవాలి, అందులో అధికారుల తప్పేమీ లేదు. ఊళ్ళో మిగతా కట్టడాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ రోడ్డు మీదికి తోసుకొచ్చి ఉంటే, యంత్రం వెళ్ళి తిరగడానికి చోటున్నది సోమలింగం దుకాణం ముందే. అరుగు ముక్కలైపోతుంటే లాడ్జి బాల్కనీలోంచి జనం ఫోటోలు తీశారు. ‘అక్రమ కట్టడంపై ఉక్కుపాదం’ అని పేపర్లో పడింది. కింద పరాంకుశం ఫోటో, పక్కన తలొంచుకుని సోమలింగం.

మే నెల సగం గడిచింది. తానులు ఇంకా రాలేదు. రోజూ మధ్యాహ్నం ఎనిమిదిమందీ మిషన్లకి నూనె వేస్తూ కూర్చుంటున్నారు. ఇంక ఎవరికీ ఏ సలహా తోచకపోతే సోమలింగం నూకరాజు దగ్గరికి వెళ్ళాడు. నూకరాజంటే కార్యాలయం ఎదురుగా టీకొట్టు పైన కూర్చుని ఊరందరికీ ప్లాన్లు గీసేవాడు, కట్టినదాన్ని బట్టి ప్లాను గీయడంలో అందెవేసిన చెయ్యి.

నూకరాజు అంతా విని జాలిపడ్డాడు. అసలు ఇటుక ముట్టుకోవడమే మీ పొరపాటన్నాడు. పథకంలో స్వీయ ధ్రువీకరణ అని ఒక సదుపాయం ఉంది. యజమాని స్టాంపు కాగితం మీద తన అతిక్రమణని తానే ప్రమాణం చేసి రాసిస్తే చాలు, ఇద్దరు సాక్షులుంటే చాలు, ఎవరూ వచ్చి చూడరు. ప్రజల మాట మీద ప్రభుత్వానికి అంత నమ్మకం. నేను దొంగనని చెప్పినవాణ్ణి ఆ క్షణమే నమ్ముతుంది. నేను దొంగని కాదన్నవాడి ఇంటికే ముగ్గుర్ని టేపులిచ్చి పంపిస్తుంది.

కాగితం నూకరాజే రాశాడు. ‘నేను అనగా రాపర్తి సోమలింగం, పన్నెండు సంవత్సరముల క్రితము నా దుకాణమునకు తూర్పున వదలవలసిన ఖాళీ స్థలములో అక్రమముగా ఒక గది నిర్మించి, నేటి వరకు అధికారుల కళ్ళుగప్పి అనుభవించుచున్నాను.’ సంతకం పెట్టబోయి సోమలింగం పెన్ను కింద పెట్టాడు. లేని గదికి తను దొంగవడమేమిటన్నాడు. మిషన్ల దగ్గర కూర్చున్న మొహాలు గుర్తొచ్చి సంతకం పెట్టేశాడు. తాతాజీ సాక్షి సంతకం చేసి, ఆయన్ని గట్టిగా కావలించుకుని, “ఇయ్యాల్టికి మీరు మనోళ్ళయ్యారండి,” అన్నాడు. ఇరవై ఏళ్ళ పొరుగులో అతను అంత ప్రేమగా మాట్లాడింది అదే మొదటిసారి.

గది విస్తీర్ణమని వేసిన పన్నెండు చదరపు మీటర్లని కంప్యూటరు కిమ్మనకుండా మింగింది. ఇక మిగిలింది ఒక్కటే. ఎవరికైనా అభ్యంతరాలుంటే చెప్పుకోడానికి ఆ ప్రమాణ పత్రాన్ని వారం రోజులు నోటీసు బోర్డు మీద అంటిస్తారు.

అంటించారు. ఊరంతా చదివింది, చదివి వాట్సాప్‌లో తిప్పింది.

గది గురించి ఒక్కడూ పట్టించుకోలేదు. గది లేనిదెవరికి? కానీ రెండో రోజున సుబ్బలక్ష్మి గారు వచ్చి, పోయిన దసరాకి ఇచ్చిన జాకెట్టు ముక్కలో జానెడంత మిగలాలే అని నసిగారు. మూడో రోజు రిటైరైన తాసీల్దారు గారు నాలుగేళ్ళ కిందటి చొక్కా పట్టుకొచ్చి, దీనికి రెండుంపావు మీటర్లు పట్టిందా అని అడిగారు. పన్నెండేళ్ళు అధికారుల కళ్ళుగప్పినవాడికి మన కళ్ళుగప్పడం ఎంతసేపని బజారులో అనుకుంటున్నారని పళ్ళ డాక్టరు వచ్చి చెప్పాడు.  

ఐదో రోజు సుగుణావతి గారు వచ్చారు, తానులు లేకుండా.

“మీరు గది కట్టుకున్నారని కాదండీ నా బాధ,” అందావిడ. “కళ్ళుగప్పానని మీ చేత్తో మీరే రాశారు చూడండి, అది. పదిహేనేళ్ళు నేను మిమ్మల్ని లెక్క అడగలేదు. ఈ ఏడు వేరే ఊరి టైలర్ని చూసుకుంటున్నాను.”

అమ్మా, గదీ లేదు గాడిదగుడ్డూ లేదు, నా కర్మకొద్దీ అలా రాయాల్సొచ్చింది, కావాలంటే మీరే చూడండని ఆవిణ్ణి తూర్పు వైపు తీసుకెళ్ళి ఖాళీ స్థలం చూపించాడు. ఆవిడ నేలకేసి చూసింది, గోడకేసి చూసింది, నిట్టూర్చింది. “పోనీలెండి. సంగతి బైటపడగానే కూలగొట్టేశారన్నమాట,” అని గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయింది.

సోమలింగం అక్కడే గోడకి చేరబడ్డాడు. దుకాణం నిలబెట్టుకోవాలని పేరు తాకట్టు పెట్టాడు, ఇప్పుడు ఆ పేరుతోపాటే పనీ పోయింది. ఒళ్ళు మండిపోయింది మనిషికి. లైసెన్సు లేకపోతే మానె, నిజం చెప్పేస్తానని సోమవారం అర్జీల రోజున ఎనిమిదిమందినీ వెంటబెట్టుకుని కార్యాలయానికి వెళ్ళాడు.

హాలు నిండా జనం ఉన్నారు. కమిషనర్ మేడం మధ్యలో, పక్కన పరాంకుశం. సోమలింగం లేచి, నలుగురికీ వినపడేలా చెప్పాడు.

“గది లేదండి. ఎప్పుడూ లేదు. నేను రాసిచ్చిందంతా అబద్ధం. నా కాగితం నాకిచ్చేసి, దుకాణానికి సీలేసుకోండి.”

 తాతాజీ తల పట్టుకున్నాడు. పరాంకుశం మొహం మాత్రం అమావాస్యనాడు చంద్రుడొచ్చినంతగా వెలిగింది. నెల రోజులుగా ముగ్గురు మనుషులు, మూడు టేపులు వెతికి వెతికి పట్టుకోలేనిది, మనిషి తనంతట తాను తెచ్చి చేతిలో పెట్టాడు.

“మేడం, దరఖాస్తుదారు అబద్ధ ప్రమాణము చేసినట్లు స్వయముగా ఒప్పుకొనియున్నాడు. కట్టడము విషయమై చేసిన అబద్ధము కనుక ఇది కట్టడమునకు చెందిన అతిక్రమణయే.”

మేడం ఆలోచించింది. పథకం కింద ఊళ్ళో నూటికి నూరు శాతం పూర్తయిందని పైకి పంపాల్సిన నివేదికలో ఒక్క భవనం తక్కువై, ఆవిడకీ నిద్ర పట్టడం లేదు. అయితే ఇది కొత్త అతిక్రమణ కాదా అని అడిగింది. పరాంకుశం చేతులు కట్టుకున్నాడు. పత్రము క్రొత్తదే అయినను, అందలి అబద్ధము పన్నెండేళ్ళ క్రిందటి నుంచియే ఉన్నట్లు దరఖాస్తుదారే ప్రమాణము చేసియున్నాడని మనవి చేశాడు. అబద్ధం చెప్పాడన్నాం కదా, మరి ఆ పన్నెండేళ్ళ మాట ఎలా నమ్ముతామని అడగాలన్న ఆలోచన ఆ హాల్లో ఒక్క బుర్రకీ రాలేదు.

విస్తీర్ణం ఎంత వేద్దామని మేడం అడిగింది. దానికీ దారి దొరికింది. అతిక్రమణ జరిగిన స్థలం ఆ కాగితం కాబట్టి కాగితాన్నే కొలవాలన్నారు. కార్యాలయంలో ఉన్న టేపులన్నీ గోడలు కొలిచే పెద్ద టేపులైపోయాయి. సోమలింగం మెడలోది అడిగి తీసుకున్నారు. పొడవు ముప్పై ఐదున్నర, వెడల్పు ఇరవై ఒకటిన్నర సెంటీమీటర్లు. కంప్యూటరు అమ్మాయి వేళ్ళు ముడుచుకుని లెక్క కట్టి, సున్నా పాయింట్ సున్నా ఎనిమిది చదరపు మీటర్లని కొట్టింది. సున్నా కన్న ఎక్కువే. తెర మీద ఆకుపచ్చ టిక్కు పడింది. హాల్లో చప్పట్లు కొట్టారు. తనని పట్టుకుపోయి జైల్లో పెట్టినా బాగుండేదని సోమలింగానికి అనిపించింది.

మే ముప్పై ఒకటిన పలక వచ్చింది. నిబంధన ప్రకారం అతిక్రమణకి తగ్గ పలక, అగ్గిపెట్టెంత. నిబంధన ప్రకారమే దాని మీద అతిక్రమణ స్వభావం కూడా చెక్కించారు: ‘అబద్ధ ప్రమాణము’. గుమ్మానికి మేకు కొట్టి వాళ్ళే తగిలించి వెళ్ళారు. అక్షరాలు చిన్నవి కదా, వచ్చేపోయేవాళ్ళు దగ్గరికొచ్చి, కళ్ళు చికిలించి, మరీ శ్రద్ధగా చదువుతున్నారు.

జూన్ రెండున బడి రిక్షా వచ్చి ఆగింది. వేరే ఊరి టైలరు అంత తక్కువ వ్యవధిలో కుదరదన్నాడట. సుగుణావతి గారు దిగి గుమ్మంలో నిలబడి పలక చదివారు. సోమలింగం ఆవిడకి మొదటి నుంచీ చివరిదాకా జరిగిందంతా చెప్పాడు. ఆవిడ మంచి మనిషి, ఓపిగ్గా విన్నది, మధ్యలో రెండుసార్లు అయ్యో పాపం అని కూడా అన్నది.

“మీ మాట నేను నమ్ముతానండీ,” అంది ఆఖరికి. “కానీ అబద్ధం ఆడారని ప్రభుత్వమే రాసి గుమ్మానికి కట్టిందాయె. రేపు నన్నెవరైనా అడిగితే ఏం చెప్పను? ఏమీ అనుకోకండి. మీరు బట్ట కత్తిరించేటప్పుడు మా అటెండరు ఎదురుగా కూర్చుంటాడు. మిగిలిన ముక్కలు ఏ రోజువి ఆ రోజు లెక్కపెట్టి పట్టుకెళ్తాడు.”

ఎనిమిది మిషన్లూ ఒక్కసారి ఆగాయి. ఎనిమిదిమందీ ఆయన మొహంలోకి చూశారు. అప్పటికే తానులు దించుతున్నారు. ఒకటి, రెండు, మూడు, బల్ల నిండుతోంది.  సోమలింగం వెళ్ళి తన కుర్చీ తెచ్చి, కత్తిరించే బల్లకి ఎదురుగా ఫ్యాను కింద వేసి, ముందున్న తానుల్ని చేత్తో పక్కకి జరిపాడు.

“ఇక్కడైతే బాగా కనపడతదండి,” అన్నాడు అటెండరుతో.